కంప్యూటరు పెట్టెలో కేబుళ్ళ అమరిక

కంప్యూటరు పెట్టెలో కేబుళ్ళ అమరిక అనగా, డెస్క్‌టాప్ కంప్యూటరును విడిభాగాలతో కూర్చేటప్పుడు లోపల విద్యుత్తును, సంకేతాలను మోసే తీగలను ఒక క్రమంలో నడిపించి, కట్టి, గాలికీ చేతికీ అడ్డు రాకుండా ఉంచే పని. దుకాణాల వాడుకలో దీనిని కేబుల్ మేనేజ్‌మెంట్ అంటారు. తెలుగునాట చాలామంది ఈ పెట్టె మొత్తాన్ని "సీపీయూ" అని పిలుస్తారు. నిజానికి సీపీయూ అనేది పెట్టెలోని మదర్‌బోర్డు మీద అరచేతిలో ఇమిడిపోయే ఒక చిప్పు మాత్రమే. ఈ వ్యాసంలో పెట్టెను క్యాబినెట్ అని, విద్యుత్ సరఫరా డబ్బాను వాడుకలో ఉన్నట్లే ఎస్ఎంపీఎస్ అని వ్యవహరించడమైనది.

పెట్టెకు అద్దపు తలుపులు వచ్చిన తరువాత ఈ పనికి అలంకారమనే పేరు పడింది. అయితే దీని అసలు ప్రయోజనం పెట్టెను తరువాత తెరిచే వ్యక్తికి చెందుతుంది. ఆ వ్యక్తి దుమ్ము దులపడానికో, చెడిపోయిన డిస్కును మార్చడానికో, ర్యామ్‌ను తీసి పెట్టడానికో తెరుస్తాడు. ఏ తీగ ఎక్కడికి పోతుందో కనబడితే పని పది నిమిషాలలో ముగుస్తుంది, కనబడకపోతే ఒక లోపాన్ని సరిచేయబోయి మరొకటి తెచ్చిపెట్టుకోవడం జరుగుతుంది. మచిలీపట్నం, గుడివాడ, అవనిగడ్డ వంటి దిగువ కృష్ణా డెల్టా ప్రాంతాలలో తేమ, ఉప్పుగాలి, ఊక దుమ్ము, ఎలుకల వలన పెట్టెను తరచుగా తెరవవలసి వస్తుంది కనుక ఈ విషయానికి ఇక్కడ ప్రాధాన్యం ఎక్కువ. ఉపాధ్యాయ నియామక పరీక్ష అయిన డీఎస్సీ శిక్షణకు అవనిగడ్డ పేరు పొందింది. 2025లో జరిగిన మెగా డీఎస్సీ పరీక్ష కంప్యూటరు ద్వారానే జరిగింది. అటువంటి పరీక్షకు సిద్ధమయ్యే విద్యార్థికి సాధన మధ్యలో కంప్యూటరు ఆగిపోవడం చిన్న విషయం కాదు.

పూర్వరంగం

తీగల సమస్య కంప్యూటర్లతోపాటే పుట్టింది. 1976లో వెలువడిన క్రే-1 సూపర్ కంప్యూటరును ఆంగ్ల అక్షరం "సి" ఆకారంలో వంచి నిర్మించడానికి ఒక కారణం తీగలే. లోపలి భాగాలను కలిపే తీగ ఏదీ సుమారు 4 అడుగులకు మించకుండా ఉండాలని, అట్లయితేనే సంకేతాలు సకాలంలో చేరతాయని దాని రూపకర్తలు భావించారు.

వ్యక్తిగత కంప్యూటర్లలో చాలాకాలం రాజ్యమేలినవి రిబ్బను వంటి వెడల్పాటి బల్లపరుపు కేబుళ్ళు. హార్డ్ డిస్కుకు, సీడీ డ్రైవుకు వాడిన ఐడీఈ కేబులులో మొదట 40 తీగలు ఉండేవి. వేగం పెరిగినప్పుడు సంకేతాలు ఒకదానిలో ఒకటి కలవకుండా మధ్యమధ్య భూతీగలు చేర్చి 80 చేశారు, పిన్నులు మాత్రం 40 గానే మిగిలాయి. కేబులు పొడవు 18 అంగుళాలు (సుమారు 46 సెం.మీ.) మించరాదన్నది నియమం. ఫ్లాపీ డ్రైవుకు 34 తీగల కేబులు ఉండేది. దానిలో కొన్ని తీగలను మధ్యలో మెలివేసి ఉంచేవారు, ఆ మెలికను బట్టే ఏది మొదటి డ్రైవో నిర్ణయమయ్యేది. అంచున ఎర్రగీత ఉన్న వైపు ఒకటో పిన్ను. ఈ పట్టీలు పెట్టె ముందుభాగం నుండి వచ్చే గాలికి తెరవలె అడ్డుపడేవి. కొందరు తీగల మధ్య నిలువుగా చీల్చి, చుట్టగా చుట్టి కట్టుకునేవారు. తరువాత గుండ్రని ఐడీఈ కేబుళ్ళు అంగళ్ళలోకే వచ్చాయి.

ఇంటెల్ సంస్థ 1995లో ప్రకటించిన ఏటీఎక్స్ ప్రమాణం మదర్‌బోర్డు, క్యాబినెట్, ఎస్ఎంపీఎస్‌ల కొలతలను ఒక దారికి తెచ్చింది. మదర్‌బోర్డుకు పోయే ప్రధాన కనెక్టరుకు మొదట 20 పిన్నులు ఉండగా 2003లో అవి 24 అయ్యాయి. అదే సంవత్సరం నుండి వాడుకలోకి వచ్చిన సాటా కేబులు 7 పిన్నులతో వేలెడు వెడల్పు కూడా లేకుండా 1 మీటరు వరకు పోగలదు. కేబుళ్ళ అమరికలో ఇంతటి మేలు చేసిన మార్పు మరొకటి లేదనవచ్చు. 2000 దశకం ద్వితీయార్థంలో ఎస్ఎంపీఎస్‌ను పైనుండి అడుగుకు దింపి, మదర్‌బోర్డు బిగించే పలకకు రంధ్రాలు చేసి, తీగలు దాని వెనుకగా పోయేటట్లు క్యాబినెట్లను తయారుచేయడం వ్యాప్తి చెందింది. 2010 దశకం మధ్య నుండి నేరుగా మదర్‌బోర్డు మీద అమరే ఎం.2 డిస్కులు రావడంతో డిస్కు తీగలు కూడా తగ్గాయి. ఇటీవల కనెక్టర్లన్నీ మదర్‌బోర్డు వెనుకవైపునే ఉండే నమూనాలను ఆసుస్, ఎంఎస్ఐ, గిగాబైట్ సంస్థలు విడుదల చేశాయి. వీటికి తగిన క్యాబినెట్ వేరుగా కావాలి, ఖరీదు కూడా అధికం.

తెలుగువారిలో విడిభాగాలు కొని కూర్పించుకున్న "అసెంబుల్డ్ కంప్యూటరు" ఒక తరానికి చిరపరిచితం. సికింద్రాబాదు పార్క్ లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటరు ఈ విడిభాగాలకు ప్రసిద్ధి పొందిన అంగడి. ఆ కాలపు పెట్టెలను తెరిస్తే తీగలన్నీ ఒక రబ్బరు బ్యాండుతో కట్టి మూలకు తోసి ఉండటం సర్వసాధారణం. బ్యాండు వేడికి రెండేళ్ళలో పెళుసై తెగిపోయేది, తీగలు మళ్ళీ ఫ్యాను మీద పడేవి.

తీగలు, రంగులు

ఎస్ఎంపీఎస్ నుండి వచ్చే తీగల రంగులకు ఒక సంప్రదాయం ఉంది. పసుపు 12 వోల్టులు, ఎరుపు 5 వోల్టులు, నారింజ 3.3 వోల్టులు, నలుపు భూతీగ. ఊదా రంగు తీగలో కంప్యూటరు ఆపివేసి ఉన్నా 5 వోల్టులు ఉంటాయి. ఆకుపచ్చ తీగ కంప్యూటరును మేల్కొలిపేది. ప్రస్తుతం అందం కొరకు అన్ని తీగలనూ నలుపు రంగులోనే చేస్తున్నారు. చూపుకు బాగుంటుంది కాని నేర్చుకునేవారికి రంగులున్న పాత పద్ధతే ఉపకారి.

ముఖ్యమైన విద్యుత్ కేబుళ్ళు నాలుగు రకాలు. మదర్‌బోర్డుకు 24 పిన్నులది, ప్రాసెసరుకు 4 లేక 8 పిన్నులది, గ్రాఫిక్స్ కార్డుకు 6 లేక 8 పిన్నులది, డిస్కులకు 15 పిన్నుల సాటా విద్యుత్ కేబులు. ప్రాసెసరుకు, గ్రాఫిక్స్ కార్డుకు పోయే 8 పిన్నుల కనెక్టర్లు చూపుకు ఒకే పోలికలో ఉంటాయి గాని లోపల 12 వోల్టులు, భూతీగల స్థానాలు వేరు. ఒకదానిలో మరొకటి దూరకుండా మూలల ఆకారం మార్చి ఉంటారు. బలవంతం చేస్తే మాత్రం ప్లాస్టిక్కు లొంగుతుంది, దాని ఫలితం మదర్‌బోర్డు భరించవలసి వస్తుంది.

వీటికి తోడు సన్నని సంకేతపు తీగలు ఉంటాయి. పవర్ మీట, రీసెట్ మీట, రెండు దీపాలు, ముందువైపు యూఎస్‌బీ, ఆడియో, ఫ్యాన్లు అన్నింటికీ తీగలు మదర్‌బోర్డు అంచులకే చేరతాయి. మీటల తీగలను ఎటు తిప్పి పెట్టినా పనిచేస్తాయి. దీపాలవి ఎల్ఈడీలు కనుక ధన, ఋణ ధ్రువాలు సరిపోవాలి. తారుమారైతే ప్రమాదమేమీ లేదు, దీపం వెలగదు, తిప్పి పెడితే చాలును.

గాలి ప్రసరణ

క్యాబినెట్‌లోకి చల్లని గాలి సాధారణంగా ముందు నుండి, అడుగు నుండి ప్రవేశించి, వేడెక్కి వెనుక నుండి, పై నుండి పోతుంది. ఈ దారికి అడ్డంగా తీగల మోపు ఉంటే గాలి పక్కకు మళ్ళుతుంది. అయితే ఈ విషయంలో కొంత అతిశయోక్తి కూడా ప్రచారంలో ఉన్నది. విశాలమైన నేటి క్యాబినెట్లలో సన్నని తీగలు చిందరవందరగా ఉన్నంత మాత్రాన ఉష్ణోగ్రతలో వచ్చే తేడా సాధారణంగా స్వల్పమే. ఇరుకైన చవక పెట్టెలలో, ఫ్యాను ముఖం మీదనే తీగలు పడినప్పుడు మాత్రం తేడా స్పష్టంగా తెలుస్తుంది. వేసవిలో గది ఉష్ణోగ్రత 40 డిగ్రీలకు చేరే చోట, లోపలికి పోయే గాలి అప్పటికే వేడిగా ఉంటుంది కనుక ప్రాసెసరుకు మిగిలే వెసులుబాటు తక్కువ. అది తట్టుకోలేనప్పుడు తన వేగాన్ని తానే తగ్గించుకుంటుంది. వాడేవారు దీనిని వైరస్ అనుకోవడం పరిపాటి.

గాలి కంటే తక్షణమైన ప్రమాదం ఫ్యాను రెక్కలలో తీగ చిక్కుకోవడం. ప్రాసెసరు మీది ఫ్యాను ఆగిపోతే కంప్యూటరు కొద్ది నిమిషాలలోనే దానంతట అది ఆరిపోతుంది. సన్నని ఫ్రంట్ ప్యానెల్ తీగలే ఎక్కువగా ఇందుకు కారణమవుతాయి.

డెల్టా వాతావరణంలో కేబుళ్ళు

మచిలీపట్నం, దివిసీమ తీరాలలో సంవత్సరంలో అధికభాగం గాలిలో తేమ ఎక్కువగానే ఉంటుంది. సముద్రపు గాలి సన్నని ఉప్పు రేణువులను మోసుకొస్తుంది. సాధారణ ఉప్పుకు ఒక గుణం ఉన్నది. సాపేక్ష ఆర్ద్రత సుమారు 75 శాతం దాటినప్పుడు అది గాలిలోని నీటిని పీల్చుకొని తానే ద్రవమవుతుంది. వంటింట్లో ఉప్పు జాడీ వానాకాలంలో చెమర్చడం అందరూ చూసినదే. అదే ఉప్పు దుమ్ముతో కలిసి మదర్‌బోర్డు మీద పేరుకుంటే, పొడి రోజులలో నిరపాయంగా ఉన్న దుమ్ము ముసురు పట్టిన రోజున విద్యుత్తును ప్రసరింపజేసే పొరగా మారుతుంది. ఎండాకాలమంతా బాగా పనిచేసి వానలు మొదలవగానే మొరాయించే కంప్యూటర్లకు ఇది ఒక ముఖ్య కారణం. దుమ్ము పట్టకుండా చేయడం ఎవరి తరమూ కాదు. తుడవడానికి వీలుగా ఉంచుకోవడం మాత్రం సాధ్యమే, అక్కడే కేబుళ్ళ అమరిక అక్కరకు వస్తుంది.

కనెక్టర్ల విషయంలోనూ ఇదే వాతావరణం పనిచేస్తుంది. ర్యామ్ అంచుల మీద, మంచి కనెక్టర్ల పిన్నుల మీద పలుచని బంగారు పూత ఉంటుంది. చిలకలపూడి గిల్టు నగల సంగతి ఎరిగిన కృష్ణా జిల్లా వారికి దీనిని వివరించనక్కర లేదు. లోపలి లోహం గాలికి నల్లబడేదే అయినా పైపూత చెదరనంతకాలం మెరుపు తగ్గదు. చవక కనెక్టర్లకు తగరపు పూత ఉంటుంది. తీగ బిగుతుగా లాగబడి ఉన్నప్పుడు, ఫ్యాన్ల అదురుకు కనెక్టరు లోపల పిన్ను కంటికి కనిపించనంతగా కదులుతుంది. ఆ రాపిడికి పూత అరిగి, తేమకు చిలుము పట్టి, స్పర్శ చెడిపోతుంది. అందువలన ప్రతి కనెక్టరు వద్ద తీగకు కొంత వదులు ఉంచడం ఇక్కడ తప్పనిసరి. చక్కగా కనబడాలని తీగలను వీణ తంత్రుల వలె బిగించడం తీరప్రాంతానికి పనికిరాని అలవాటు.

గుడివాడ పరిసరాలలో ధాన్యం మిల్లుల నుండి, కోతలు నూర్పిళ్ళ కాలంలో పొలాల నుండి వచ్చే ఊక దుమ్ము తేలికగా, పీచుగా ఉంటుంది. ఇది జల్లెడల వద్ద, తీగల గుంపుల మధ్య దూదివలె పట్టుకుంటుంది. తీగలు గుంపుగా ఉన్నచోట బ్లోయర్ గాలి లోతుకు చేరదు.

ఎలుకల సంగతి ప్రత్యేకంగా చెప్పవలసినది. వాటి ముందు పళ్ళు జీవితాంతం పెరుగుతూనే ఉంటాయి కనుక ఏదో ఒకటి కొరకడం వాటికి అవసరం. వరికోతలు అయి పొలాలలో మరుగు పోయినప్పుడు, వరదల్లో బొరియలు మునిగినప్పుడు ఇళ్ళలోకి చేరతాయి. కంప్యూటరు పెట్టె వెచ్చగా, చీకటిగా ఉంటుంది. అందులో వదులుగా కుప్పపోసిన తీగలు వాటికి గూటికి తగిన స్థలం. కార్డు పెట్టని ఖాళీ స్లాట్లకు వెనుకవైపు ఉండే రేకు మూతలను తీసి పారేయడం చాలాచోట్ల కనిపించే అజాగ్రత్త. ఒక మూత లేకపోయినా చిట్టెలుకకు, బల్లికి అది సింహద్వారమే. మూతలు పోయినప్పుడు సన్నని ఇనుప జాలీ ముక్కను కత్తిరించి, అది మదర్‌బోర్డును తాకకుండా స్క్రూతో బిగించవచ్చు.

కూర్చే పద్ధతి

పని మొదలుపెట్టే ముందు గోడ ప్లగ్గును తీసివేసి, పవర్ మీటను ఒకసారి నొక్కి ఉంచాలి. లోపల మిగిలిన విద్యుత్తు కొంత ఖర్చవుతుంది. తరువాత క్యాబినెట్ ఇనుప చట్రాన్ని చేత్తో తాకి శరీరంలోని స్థిరవిద్యుత్తును పోగొట్టుకోవాలి. తేమ కలిగిన డెల్టా గాలిలో స్థిరవిద్యుత్తు బాధ పొడి ప్రాంతాల కంటే తక్కువే అయినా ఎయిర్ కండిషనరు ఉన్న గదులలో ఈ జాగ్రత్తను విడువరాదు. ఎస్ఎంపీఎస్ డబ్బాను మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ విప్పరాదు. ప్లగ్గు తీసిన తరువాత కూడా దాని లోపలి కెపాసిటర్లలో ప్రాణాంతకమైన విద్యుత్తు ఉండవచ్చు.

రెండు పక్కల తలుపులూ తీసి, ఏ రంధ్రం ఎక్కడున్నదో, మదర్‌బోర్డు మీద ఏ కనెక్టరు ఏ మూలన ఉన్నదో కరదీపికలో చూసి ముందుగానే దారి నిర్ణయించుకోవాలి. పనిలో సగం ఇదే. తీగను కనెక్టరుకు అతి సమీపంలో ఉన్న రంధ్రం గుండా పైకి తేవడం, మిగిలిన పొడవునంతటినీ పలక వెనుక ఉంచడం మూలసూత్రం.

మొదట నడపవలసినది ప్రాసెసరు విద్యుత్ కేబులు. దాని కనెక్టరు మదర్‌బోర్డు పై ఎడమ మూలన ఉంటుంది. మదర్‌బోర్డు, ప్రాసెసరు కూలరు బిగించిన తరువాత ఆ మూలకు చేయి దూరదు. అందుచేత ఆ కేబులును ముందే పై రంధ్రం వద్దకు తెచ్చి ఉంచుకోవాలి. ఇది మరచినవారు తీగను మదర్‌బోర్డు మీదుగా అడ్డంగా లాగడం, అది కూలరు ఫ్యానుకు రాసుకోవడం తరచు జరిగేదే.

మదర్‌బోర్డు బిగించిన వెంటనే సన్నని ఫ్రంట్ ప్యానెల్ తీగలు, యూఎస్‌బీ, ఆడియో తీగలు పెట్టాలి. ఇవన్నీ అడుగు అంచున ఉంటాయి, గ్రాఫిక్స్ కార్డు వచ్చిన తరువాత కనబడవు. యూఎస్‌బీ 3 కనెక్టరు 19 పిన్నులతో బిరుసుగా ఉంటుంది. దానిని పక్కకు వంచి లాగితే మదర్‌బోర్డు మీది పిన్నులు వంగిపోతాయి, నిట్టనిలువుగా తీయాలి. తరువాత 24 పిన్నుల కేబులు. ఇది లావుగా ఉండి వెనుక తలుపును ఉబ్బిస్తుంది. తీగలను ఒకదానిపై ఒకటి పడనీయక చాప పరచినట్లు పక్కపక్కన పరిస్తే తలుపు పడుతుంది. మోకాలితో అదిమి తలుపు మూయవలసి వస్తే అమరికలో లోపమున్నదని గ్రహించాలి, లోపల ఏదో ఒక కనెక్టరు నలుగుతూ ఉంటుంది.

సాటా సంకేత కేబులును పదునుగా మడవరాదు. దాని కనెక్టరు సుమారు 50 సార్లు పెట్టి తీయడానికే ఉద్దేశించినది కనుక ఊరకనే తీసి పెట్టడం మంచిది కాదు. గ్రాఫిక్స్ కార్డు చివరన పెట్టాలి. ఎక్కువ విద్యుత్తు తీసుకునే కార్డుకు రెండు కనెక్టర్లు ఉంటే, ఒకే కేబులు కొనకు ఉన్న రెండు తలలను వాడటం కంటే ఎస్ఎంపీఎస్ నుండి రెండు వేరు వేరు కేబుళ్ళు తీసుకోవడం క్షేమం.

కట్లు వేయడం ఆఖరి పని. ఎక్కువమంది ఇక్కడే తొందరపడతారు. తీగలన్నీ పెట్టాక కట్లు లేకుండానే కంప్యూటరును నడిపి, డిస్కులు, ఫ్యాన్లు, ముందు యూఎస్‌బీ, దీపాలు అన్నీ పనిచేస్తున్నవని చూసుకొని, గంటసేపు అయిన తరువాత ఆపి, ప్లగ్గు తీసి అప్పుడు కట్టాలి. కట్టు కింద తీగలు కొంచెం జరగగలిగేటంత వదులు ఉండాలి. కనెక్టరు దగ్గర ఒక వేలు దూరేటంత వంపు విడవాలి. వాడని కేబుళ్ళ కొనలలో కూడా విద్యుత్తు ఉంటుంది కనుక వాటికి మూతలు తొడిగి లేదా ఇన్సులేషన్ టేపు చుట్టి ఎస్ఎంపీఎస్ పక్కన పడుకోబెట్టాలి.

పని పూర్తి అయిన తరువాత ఫోనుతో రెండు వైపులా ఫోటో తీసుకోవడం, తలుపు లోపలి వైపు ఒక కాగితం అంటించి తేదీ, ఏ డిస్కు ఏ పోర్టుకు పెట్టినదీ వ్రాయడం పది రూపాయలు ఖర్చు లేని పనులు. బడులలో, శిక్షణ కేంద్రాలలో ఇరవై, ముప్పై కంప్యూటర్లు ఒకే విధంగా ఉన్నచోట అన్నింటిలో తీగలు ఒకే దారిలో పోయేటట్లు చూస్తే, ఒకదానిని నేర్చుకున్న విద్యార్థి అన్నింటినీ విప్పగలుగుతాడు.

చవక క్యాబినెట్లలో

పై పద్ధతి పలక వెనుక చోటున్న క్యాబినెట్లకు వర్తిస్తుంది. చిన్న పట్టణాలలో ఇప్పటికీ విరివిగా కనిపించే చవక పెట్టెలలో ఎస్ఎంపీఎస్ పైన ఉంటుంది, పలకకు రంధ్రాలు ఉండవు, రేకు అంచులు బ్లేడు వలె ఉంటాయి. వీటిలో తీగలను దాచడం సాధ్యం కాదు, ఒద్దికగా ఉంచడం సాధ్యమే. చట్రం అంచు వెంట తీగలను ఒకే వరుసలో తెచ్చి రెండు మూడు చోట్ల చట్రానికే కట్టాలి. సీడీ డ్రైవు పెట్టని పై అర ఖాళీగా ఉంటుంది కనుక మిగిలిన తీగలను వదులుగా చుట్టి అందులో ఉంచవచ్చు. రేకు అంచు మీదుగా తీగ పోయేచోట సన్నని ప్లాస్టిక్ గొట్టాన్ని నిలువునా చీల్చి అంచుకు తొడగాలి. అదురుకు రేకు తీగతొడుగును కోసి షార్ట్ అయ్యే ప్రమాదం దీనితో తప్పుతుంది. వెనుక ఫ్యాను ముందు, ప్రాసెసరు ఫ్యాను చుట్టూ జానెడు చోటు ఖాళీగా ఉంచగలిగితే ఇటువంటి పెట్టెకు అంతకంటే చేయవలసినది లేదు.

కట్టే సామగ్రి

నైలాను కేబుల్ టైని అమెరికాలోని థామస్ అండ్ బెట్స్ సంస్థలో మారస్ లోగన్ 1958లో విమానాల తీగలను కట్టడం కొరకు రూపొందించాడు. ఇది చవక, గట్టిది, కాని ఒకసారి బిగించిన తరువాత కత్తిరించవలసిందే. కత్తిరించేటప్పుడు పక్క తీగ తెగకుండా చూడాలి. మిగిలిన కొనను మొదలంటా కోయకపోతే తరువాత తెరిచినవారి చేయి గీరుకుంటుంది. స్విట్జర్లాండుకు చెందిన జార్జ్ డి మెస్ట్రాల్ అంటుకునే ముళ్ళకాయలను చూసి కనిపెట్టిన వెల్క్రో పట్టీని ఎన్నిసార్లయినా విప్పి కట్టవచ్చు. ఏడాదికి రెండుసార్లు తెరవవలసిన పెట్టెకు ఇదే తగినది.

దారంతో కట్టడం వీటికంటె పాతది. టెలిఫోను ఎక్స్ఛేంజీలలో, విమానాలలో, అంతరిక్ష నౌకలలో మైనం పూసిన దారంతో తీగల కట్టను వరుస ముడులతో కట్టే పద్ధతి ఉన్నది. పూలమాల కట్టేవారు ప్రతి పువ్వు వద్ద దారాన్ని మెలివేసి బిగించినట్లే ఇదీ ఉంటుంది. గట్టి నూలు దారం దొరికినచోట ఈ పద్ధతికి పైసా ఖర్చు లేదు. సెల్లో టేపు, రబ్బరు బ్యాండు మాత్రం పనికిరావు. టేపు జిగురు వేడికి కరిగి తీగల మీద దుమ్మును పట్టి ఉంచుతుంది.

కొన్ని ప్రమాదాలు

మాడ్యులర్ ఎస్ఎంపీఎస్‌లలో కావలసిన కేబుళ్ళనే తగిలించుకోవచ్చు, అందువలన అమరిక సులువు. అయితే కేబులు రెండు కొనలలో భాగాల వైపు కొనకు మాత్రమే ప్రమాణం ఉంది. ఎస్ఎంపీఎస్ వైపు కొన ఏ సంస్థకు ఆ సంస్థే నిర్ణయించుకుంటుంది. ఒకే సంస్థ చేసిన రెండు నమూనాలలో కూడా తేడా ఉండవచ్చు. పాత ఎస్ఎంపీఎస్ చెడిపోయినప్పుడు, కేబుళ్ళు చక్కగా కట్టి ఉన్నాయి కదా అని వాటినే కొత్తదానికి తగిలిస్తే, 5 వోల్టులు పోవలసిన తీగలో 12 వోల్టులు పోయి హార్డ్ డిస్కు కాలిపోతుంది. కంప్యూటరు మళ్ళీ కొనవచ్చు, డిస్కులోని సమాచారం తిరిగి రాదు. ఎస్ఎంపీఎస్ మార్చినప్పుడు కేబుళ్ళన్నీ మార్చవలసిందే.

శక్తిమంతమైన గ్రాఫిక్స్ కార్డుల కొరకు 2022లో వచ్చిన 16 పిన్నుల కనెక్టరు 600 వాట్ల వరకు మోయగలదు. ఆ సంవత్సరం అక్టోబరులో ఎన్విడియా ఆర్‌టీఎక్స్ 4090 కార్డులు కొన్నింటిలో ఈ కనెక్టర్లు కరిగిపోయాయి. కనెక్టరు పూర్తిగా లోపలికి దిగకపోవడం ఒక ముఖ్య కారణమని తేలింది. తలుపు మూయడానికి తీగను మొదలు వద్దనే వంచితే కనెక్టరు ఒక పక్కకు లేస్తుంది. 2023లో దీనిని సవరించి, సరిగా దిగకపోతే కార్డు పనిచేయకుండా ఉండేటట్లు సూచక పిన్నులను పొట్టివిగా చేశారు. ఏ కనెక్టరయినా తీగ మొదట్లో కొన్ని సెంటీమీటర్లు నిటారుగా పోయిన తరువాతే వంపు తిరగాలి.

పెట్టె వెలుపల

యూపీఎస్, మానిటరు, ప్రింటరు, స్పైక్ బస్టరుల తీగలు బల్ల కింద కాళ్ళకు తగులుతూ ఉండటం మామూలు దృశ్యం. విద్యుత్ తీగలను ఒక పక్కన, సంకేత తీగలను మరొక పక్కన బల్ల కాలికి కట్టి, స్పైక్ బస్టరును నేల మీద కాక గోడకు బిగించడం మేలు. ఇల్లు కడిగే నీరు, వాన జల్లు దానిని చేరవు.

క్యాబినెట్‌ను తాకితే చేయి జివ్వుమనడం చాలామందికి అనుభవమే. ఎస్ఎంపీఎస్ లోపలి వడపోత కెపాసిటర్ల వలన, ఎర్తు లేనప్పుడు పెట్టె రేకు మీదికి సరఫరాలో సుమారు సగం వోల్టేజి, అనగా 115 వోల్టుల వరకు వస్తుంది. ప్రవాహం అతి స్వల్పం కనుక సాధారణంగా ప్రాణహాని ఉండదు గాని ఎర్తు లేదనడానికి అది గుర్తు. మూడు పిన్నుల ప్లగ్గులో లావుగా పొడుగ్గా ఉండేది ఎర్తు పిన్ను. అది అందరికంటె ముందు తగిలి చివరన విడివడేటట్లు చేసినది. దానిని విరిచి రెండు పిన్నుల సాకెట్టులో దూర్చడం కూడదు. బొగ్గు, ఉప్పు వేసి తీసిన ఎర్తు గొయ్యికి వేసవిలో నీరు పోయడం మరువరాదు.

దివిసీమలో వరద కూడా లెక్కలోకి తీసుకోవలసినదే. 1977 నవంబరు 19 ఉప్పెన సంగతి అందరికీ తెలిసినది. 2009 అక్టోబరులో, 2024 సెప్టెంబరులో కృష్ణానది వరదలకు లంక గ్రామాలు, ఏటి ఒడ్డు ఊళ్ళు నీట మునిగాయి. అటువంటి హెచ్చరిక వచ్చినప్పుడు పెట్టెను మేడ మీదికో అటక మీదికో చేర్చడానికి దొరికే సమయం తక్కువ. వెనుక తీగలకు రంగు దారాలు కట్టి, అదే రంగు దారాన్ని సాకెట్టు వద్ద గుర్తుగా పెట్టి ఉంచితే చీకటిలోనైనా విప్పి, తరువాత ఎవరైనా తిరిగి పెట్టగలరు. వీలుంటే ముందుగా హార్డ్ డిస్కును విప్పి పొడి సంచిలో పెట్టుకోవడం ఉత్తమం. నీట మునిగిన పెట్టెకు, పైకి ఆరినట్లు కనబడినా, విద్యుత్తు ఇవ్వరాదు. ఎస్ఎంపీఎస్‌ను మార్చివేయాలి. మదర్‌బోర్డును, కనెక్టర్లను శుద్ధమైన నీటితో బురద పోయేటట్లు కడిగి, నీడన అనేక రోజులు ఆరబెట్టి పరీక్షించవచ్చు. డిస్కులో విలువైన సమాచారం ఉంటే దానిని ఆరబెట్టకుండా, నడపకుండా సమాచారాన్ని వెలికితీసే నిపుణులకు అప్పగించాలి.